చెయ్యి తిరిగింది

గంటకి నలభై కప్పులు.
గులాబీకి మూడు విసుర్లు, కాడకి ఒకటి.
కాడ వణికితే
వణికిన చోట ఒక ఆకు.

పదకొండేళ్ళు స్టోక్‌లో,
లాంగ్టన్ వీధి వైపు కిటికీ ఉన్న బల్ల మీద
నా తప్పులన్నీ పచ్చగా చిగురించాయి.
చెయ్యి తిరిగిందని మన భాషలో మెచ్చుకుంటారు.
ఎటు తిరిగిందో ఎవరూ అడగరు.

మోరీన్ హ్యూమ్ అడిగింది.
డెబ్బై తొమ్మిదేళ్ళు, గోళ్ళలో ఇంకా టర్పెంటైన్ వాసన,
బస్సు డ్రైవర్నీ పిల్లినీ నన్నూ
ఒకే గొంతుతో "డక్" అని పిలిచే మనిషి.
శనివారం నా సొంత పళ్ళెం, ఇంకా కాల్చనిది,
అట్టపెట్టెలో పట్టుకెళ్ళాను.
"ఊరికే వేశాను, తీరిక లేక" అని
మూత తీయకముందే సాకు చెప్పాను.
ఆమె టీ పెట్టలేదు. బాగుందనలేదు.
"ఈ ఆకు కింద ఏముంది, డక్?"
బొటనవేలు నాలిక మీద తడిపి తుడిచేసింది.
ఒకటి. ఇంకొకటి. ఏడు.
ఆకు పోయిన చోటల్లా కాడ తెగింది.
ఇటునుంచి వచ్చిన గీత ఒక చోటికి,
అటునుంచి వచ్చింది మరో చోటికి.
రెంటికీ ముఖపరిచయం కూడా లేదు.

కోపం వచ్చింది. చాలా.
బస్‌స్టాపు దాకా ఆమెతో పోట్లాడుకుంటూ నడిచాను.
కప్పుకింత కూలి, ఆ బాధ ఆవిడకేం తెలుసు అనబోయి
ఆవిడకి తెలిసినంత నాకే తెలీదని గుర్తొచ్చి
నోరు మూసుకున్నాను.

బస్‌స్టాపు మీదికి వంగిన సికమూర్ చెట్టు.
రోజూ దాని కిందే నిలబడతాను.
అక్టోబరు తడికి అద్దానికి అంటుకుని ఒక ఆకు:
ఐదు కొసలు, ఒకటి పురుగు కొరికింది,
ఒంటి నిండా తారు చిందినట్టు నల్లమచ్చలు.
నేను వేసిన లక్ష ఆకుల్లో
ఒక్కదానికీ మచ్చ లేదు.
ఒక్కటీ ఏ చెట్టుదీ కాదు.

కోటు జేబులో పెట్టుకొచ్చాను.
ఆ రాత్రి రెండు గంటలు పట్టింది
దాని తొడిమ ఒక్కటి గీయడానికి.
చెయ్యి తొందరపడింది,
అలవాటైన వంపు వైపు లాగింది,
చేను మరిగిన గొడ్డులా.
పలుపు బిగించి పట్టుకున్నాను.
చూడవే, ముందు చూడు, అన్నాను దాంతో.
వణికింది. వణకనిచ్చాను.
పైన ఏమీ వేయలేదు.

మంచి బొమ్మేం కాదు.
మోరీన్‌కి ఇంకా చూపించలేదు.

సోమవారం మళ్ళీ కప్పులు,
మళ్ళీ ఆకులు. అద్దె కట్టాలి, ఆర్డరు ఆర్డరే.
పదిన్నర ప్రాంతాల ఒక కాడ వణికింది.
పచ్చరంగులో ముంచిన బ్రష్షు
గాల్లో ఆగింది.
పక్క బల్ల డెనీజ్ తలెత్తి చూసింది.

ఆ గంటకి ముప్ఫై తొమ్మిది.