నాలుగో గీత

సూర్యారావుపేటలో మందుల షాపుకీ స్కానింగ్ సెంటరుకీ మధ్య
ఇద్దరు నిలబడితే భుజాలు తగిలే నా జిరాక్సు కొట్టు.
రోగాల కాగితాలే ఎక్కువ.
ఎవరి గుండో, ఎవరి మూత్రపిండమో, పేజీ రెండు రూపాయలు.
చదవను. చదివితే నిద్రపట్టదు.

సాయంత్రం ఆరున్నరకి డ్యూటీ దిగి
ఎస్తేరు రాణి వస్తుంది.
తెల్ల బూట్లు విప్పకుండానే జపాను భాష నేర్చుకుంటోంది,
అక్కడ ముసలివాళ్లకి స్నానాలు చేయించే ఉద్యోగమట.
పుస్తకం ఒక్కటే, పిల్లలు పదకొండు మంది.
కాబట్టి పది కాపీలు, బాకీ మీద.

మొదటిరోజు ఆ అక్షరాలు చూసి
పేపరు ఇరుక్కుని నలిగిందేమో అనుకున్నాను.
గుండ్రాలు చుట్టి చుట్టి పెరిగిన చెయ్యి నాది.
ఇవేమో పుల్లలు,
ఇంటికి కప్పు వేయకముందు పాతిన రాటలు.

"ఇది తేలికాంటీ, నేర్చుకో" అంది ఓరోజు,
టీ గ్లాసు వదిలిన తడిలో వేలు ముంచి
కౌంటరు అద్దం మీద మూడు గీతలు గీసింది.
ఎడమది దిగుతూ దిగుతూ కాస్త ఎడమకే తిరగాలి.
మధ్యది పొట్టి.
కుడిది నిటారు, బాగా కిందికి రావాలి.
పైనుంచి కిందికే. కిందనుంచి గీస్తే తప్పు కొట్టేస్తారు.
"కవా" అంది.
"ఏ కవ్వం?" అన్నాను.
"కవా. అంటే ఏరు."

మూడు పుల్లలు ఏరా!
ఇంతలోనే ఫ్యాను గాలికి సగం ఏరు ఆరిపోయింది.
ఈసారి నేను గీశాను.
గీస్తుంటే వేలికి తెలిసింది, ఇది పాత పరిచయమేనని.
బ్యారేజీ దగ్గర కృష్ణ నుంచి చీలి
మా ఊళ్లోకి దిగే మూడు కాలవలు:
ఏలూరు కాలవ ఎడమకి తిరిగిపోతుంది,
మధ్యలో రైవస్,
కుడిపక్క బందరు కాలవ, సముద్రం వాసన తెలిసినట్టు.
సిటీ బస్సులో ముక్కు మూసుకుని దాటిన మూడింటినీ
ఎవడో, బెజవాడ మొహం చూడకుండానే
కాగితం మీద పెట్టేశాడు,
గుర్రపుడెక్క లేకుండా, ప్లాస్టిక్ కవర్లు లేకుండా,
శుభ్రంగా.

ఆ వారమంతా అదే పిచ్చి.
చిల్లర లేనివాళ్లకి చీటీ రాస్తూ ఓ ఏరు,
కరెంటు బిల్లు వెనక ఓ ఏరు.
సందులో గోడ మీద పిల్లలు బొగ్గుతో గీసిన వికెట్లు చూసి
నవ్వొచ్చింది:
ఒరే, మీరు ఏటికి బౌలింగు వేస్తున్నార్రా.

తర్వాత మిషను డ్రమ్ము పాడైంది.
మెకానిక్ జకరయ్య రేపూ మాపూ అంటున్నాడు.
ప్రతి కాపీ మీదా పైనుంచి కిందికి
నల్లటి గీత ఒకటి, ఎవరూ అడక్కుండా,
సరిగ్గా ఏటి పక్కన.
పది కాగితాల్లోనూ నాలుగు గీతల ఏరు.
"ఇలాంటి అక్షరమే లేదాంటీ" అని నవ్వింది ఎస్తేరు రాణి,
"మళ్లీ తియ్యి, వీటికి డబ్బులివ్వను."

లేకపోవడమేమిటమ్మా.
మాది సింగ్ నగర్.
నాలుగో గీత పేరు బుడమేరు.
అప్పట్లో కొట్టు ఇంట్లోనే.
ఆదివారం తెల్లారేసరికి చెప్పుల్ని తేల్చింది,
మధ్యాహ్నానికి మంచాన్ని.
మేడెక్కించలేని పాత మిషను
గొంతుదాకా తాగి, నల్లపొడి కక్కి, చచ్చిపోయింది.
పక్కవాళ్ల డాబా మీద మూడు రోజులు
పాల ప్యాకెట్టు కోసం ఆకాశానికి చేతులూపాం.

ఇదంతా చెప్పలేదు. పిల్ల ప్రయాణం మీద ఉంది.
వేరే సంగతి అడిగాను:
"నిలువు గీతలు సరే. అడ్డంగా ఒకే ఒక్క గీత ఉంటే ఏమిటది?"
"ఓ, అదా! ఒకటి.
అందరికంటే ముందు నేర్పేది అదే."

ఇంటికెళ్లి లైటు వేసి చూశాను.
రెండుసార్లు సున్నం కొట్టినా పోని మరక,
ఈ మూల నుంచి ఆ మూలకి, నా రొమ్మెత్తున,
చెయ్యి వణక్కుండా గీసిన అడ్డగీత.
ఒకటి.

పాడైన ఆ పది కాగితాలూ పారెయ్యలేదు.
వెనకవైపు తెల్లగానే ఉన్నాయి,
బాకీలు రాసుకోవడానికి పనికొస్తాయి.