ఎడమ నుంచి కుడికి

గిర్మాజీపేటల యాకమ్మ వాకిట్ల
ముప్ఫై ఏండ్లు బట్టలు బాదించుకున్న బండ అది.
కొత్త షాబాదు బండ ఒకటి, మోసినందుకు ఆటో కిరాయి,
పైన రెండు సబ్బులు.
బేరం తెగింది.
"ఉతికే బండతోని నీకేం పని బిడ్డా?"
ఉతుకుటానికే అన్న.

అబద్ధం కాదు.
ఇసుక చల్లి, నీళ్లు చల్లి,
చిన్న రాయితోని పెద్ద రాయిని
ఎనిమిది అంకె రాసినట్టు తిప్పి తిప్పి అరగదీయాలె.
పాతది పోతేనే కొత్త బొమ్మ నిలుస్తది.
ఎందుకో ఆ పొద్దు చెయ్యి రాలేదు.
తడి స్పంజితో తుడిచి
సిరా రోలరును ఊరికెనే దొర్లించిన.

లితో రాయికి తెలిసింది ఒక్కటే సంగతి,
నీళ్లకూ జిడ్డుకూ పడదని.
తడి ఉన్న కాడ సిరాను రానియ్యదు,
జిడ్డు తాగిన కాడ పోనియ్యదు.
ముందు సబ్బు మరకలు మబ్బుల్లెక్క లేచినయి.
వాటి కింద, సన్నగ, చీమలబారు.
అక్షరాలు.
నాకు రానివి. అదీ ఉల్టా.

మండిబజారు పోయి దస్తగీర్ సాబును తీసుకొచ్చిన.
ఒకప్పటి కాతిబు. కలం పట్టిన వేళ్లల్ల
ఇప్పుడు ఆయాసం మందు.
గడ్డం గీసుకునే అద్దం అందిస్తే
వద్దని చెయ్యి ఊపిండు.
రాయి ఎడమ అంచున వేలు పెట్టి
కుడికి జరుపుకుంట చదివిండు,
నేను తెలుగు చదివినట్టు.

రాయి మీద ఆయన భాష నా దారిల నడుస్తది.
చెక్క మీద నా పేరు చెక్కితే
అది ఆయన దారిల నడుస్తది.
పదమూడేండ్లు అచ్చులేసిన,
ఇంత చిన్న ముచ్చట తట్టలేదు.

'తప్పిపోయినది. తెల్ల ఎద్దు.
ఎడమ కొమ్ము కొస విరిగినది. పిలిస్తే ఆగును.
పట్టిచ్చినవారికి నాలుగు రూపాయలు.'
ఊరి పేరు సబ్బు తినేసింది.
ఏమని పిలిస్తే ఆగుతదో రాయనే లేదు.

తుమ్మబంక నీళ్లల్ల రెండు చుక్కల తేజాబు కలిపి
రాయికి పూసిన, ఉన్నది పోకుండ.
ములుగురోడ్డు అడితిల మామిడి పలక దొరికింది.
మా బాపు వడ్ల మొండయ్య. నాగండ్లు పోయినంక తలుపులు చేసిండు,
తలుపులు పోయినంక అరుగు మీద కూసున్నడు.
ఆయన ఉలి నా చేతికి కొంచెం పెద్దది.
"చెక్కను అడిగి కొట్టు" అనేటోడు. అడిగిన.

తెల్ల ఎద్దంటే చెక్కి పారేసిన జాగ,
మిగిలిన పలకంత రాత్రి.
డొక్క కాడ, మెడ కాడ, ఒళ్లంత పొట్టు రాలింది.
ఒకసారి ఉలి జారి మూపురం పక్కన గీత మిగిలింది.
కాడి రాసుకున్న పుండు అనుకోవాలె.
ఎడమ కొమ్ము కొసను మాత్రం
లెక్క తప్పకుండ విరగ్గొట్టిన.

ముందు రాతి అక్షరాలను ప్రెస్సుల బూడిదరంగుల తీసి,
ఆరినంక అదే కాగితాన్ని చెక్క మీద బోర్లించి
అమ్మ గంటె వీపుతోని రుద్దిన,
చెవుల కాడ, గిట్టల కాడ ఆగి ఆగి.
మూల పట్టి లేపితే
కాగితం మీద సాబు అక్షరాలు సక్కగైనయి.
నా ఎద్దుకు కుడి కొమ్ము విరిగింది.

ఆయన దగ్గుకుంట నవ్విండు:
"దీన్ని పట్టిచ్చినా నాలుగు రూపాయలు ఇయ్యరమ్మా."

మళ్ల చెక్కలేదు. ఇసుక బకెటు మూలకే ఉన్నది.

నెలకు యాకమ్మ పంచాయితీకొచ్చింది,
షాబాదు బండ నున్నగున్నది, మురికి వదులుతలేదని.
దండెం మీద ఆ పొద్దే తీసిన కాపీ.
"ఇది నా బండ కిందున్నదా?
అయ్యో, ఎన్ని దుప్పట్లు బాదిన దీని వీపు మీద!"

ఆరలేదమ్మా అనేలోపే
నల్లటి మీద ఆనిన చేతిని
తెల్ల వీపు మీదికి జరిపింది. నాలుగు వేళ్ల మసి.
పిలిస్తే ఆగుతదట, పేరు తెల్వదు అన్న.
"ఎద్దుకు పేరెందుకు" అని
నాలుక టక్కున కొట్టి, మెల్లగ,
"హో" అన్నది.