ఆక్వా ఫీడరు

పదకొండు రోజులుగా తోకచుక్క కోసం కాచుకోనుండా.
నా కొలువేమో వెలుతురు కొలువు.
విడవలూరు దాటినాక, ఉప్పుగాలి కొరికేసిన కంచె లోపల
సబ్‌స్టేషన్లో రాత్రి షిఫ్టు.

బైనాక్యులర్ నెల్లూరు ట్రంకు రోడ్డులో
పాత కెమెరాల కొట్లో కొన్నది.
కుడి గొట్టంలో బూజు.
అందులోంచి చూస్తే ప్రతి చుక్కకీ ఒక తోక.
మొదటి రాత్రి నలభై తోకచుక్కలు లెక్కపెట్టి
మస్తానుకి ఫోన్ చేసి, నిద్ర లేపి, తిట్లు తిన్నా.
ఇప్పుడు కుడికన్ను మూసుకుంటా.

తూర్పున సముద్రం దాకా రొయ్యల గుంటలు.
గట్టుకో ఫ్లడ్‌లైటు,
రాత్రంతా నీళ్లని చిలికే ఏరేటర్లు.
ఆ వెలుగంతా నా చేతి మీదుగానే పోవాలి:
మూడో ప్యానెల్, ఆక్వా ఫీడరు.
ఒక్క హ్యాండిల్ తిప్పితే ఆకాశం.

తిప్పను.
తిప్పితే కాసేపటికే ఊపిరాడక
రొయ్య నీటి పైకొస్తుంది.
ఒక పంట మొత్తం. ఒక మనిషి అప్పు మొత్తం.
ఆ ప్యానెల్ పక్కగా పోయినప్పుడల్లా
చెయ్యి జేబులో పెట్టుకుంటా.

కార్తీకం. నాలుగూ యాభై రెండు.
మంచుకి తడిసిన మోపెడ్ సీటు మీద మోచేతులు ఆనించి
స్వాతికీ చిత్తకీ నడుమ వెతకతా ఉంటే
లోపల టప్‌మని చప్పుడు.
దానంతటదే.
ఏ కొంగో తీగల మీద వాలబోయి ఉంటుంది.

తూర్పు మొత్తం ఆరిపోయింది.
ఏరేటర్లు ఆగినాక తెలిసింది
సముద్రం ఇంత దగ్గరుందని,
ఆరేళ్ల కొలువులో మొదటిసారి.

పరిగెత్తాలి. తెలుసు.
ఊపిరి బిగబట్టా.
చేతుల వణుకు ఆగినంతసేపే,
ఎడమకన్నులో, అదిగో:
హేచరీ బేసిన్లో రొయ్యపిల్లంత.
ఒళ్లంతా గాజు. తలకాడ మసక చుక్క.
ఇంకా రాని పొద్దు వైపు ముఖం పెట్టి
తోక పైకి,
ఎవరో ఊదితే వాలినట్టు.

ఫోన్ మోగింది. దశరథరామిరెడ్డి.
మోగనిచ్చా. మళ్లీ మోగింది.
"ఏంది సామీ, నిద్రపోయావా? కరెంటు యాడబోయె?"
"వస్తా ఉండాది."
అంటూనే ఇంకోసారి చూశా.

హ్యాండిల్ తిప్పా. నిలబడింది.
గట్టు వెంబడి గట్టు వెలిగి
తెల్లవారకుండానే తూర్పు తెల్లబారింది.

లాగ్‌బుక్కులో రాశా:
ట్రిప్పు 4.52. ఛార్జి 4.55.
కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
పక్షి, అని రాశా.

డ్యూటీ దిగినాక లైను వెంబడి నడిచా,
స్తంభం స్తంభం కిందా కొంగ కోసం.
ఈక కూడా లేదు.
చివరి గుంట కాడ చెంగయ్య
చెక్ ట్రే పైకి లాగి
నాలుగు రొయ్యల్ని అరచేతిలో పోసుకుని చూస్తున్నాడు.
"బాగానే ఉండయ్ సామీ," అన్నాడు,
నేనేమీ అడక్కముందే.
ఒకటి ఎగిరి నీళ్లలో పడింది.