బ్లేడు మందం

ఇరవై మూడో నంబరు దిమ్మె అది.
క్వారీ నుంచి వచ్చేటప్పటికి ఇంకా తడి ఆరలా,
ముందు రాత్రి వాన.
కాశింపీరా చాక్‌పీసుతో నొసటన నంబరేసి
గ్యాంగ్‌సా కిందికి తోయించాడు.

మూడు పగళ్లు, మూడు రాత్రులు కోత.
రాయి విడిపోయేటప్పుడు అరవదు.
అరిచేదంతా ఇనుమే.

పదకొండో పలక, పన్నెండో పలక
పాలిష్ పట్టింది నేను.
కాటుక నలుపులో నూకలు చల్లినట్టు
బంగారు చుక్కలు.
దీంట్లో కుడిపక్కనున్న చుక్క
దాంట్లో ఎడమపక్కన,
అద్దంలో చూసుకున్నట్టు.
మధ్యలో పోయింది బ్లేడు మందమే,
ఐదు మిల్లీమీటర్లు.
తడిగుడ్డతో తుడిచి, రెంటినీ పక్కపక్కన నిలబెట్టి
చూస్తా ఉండిపోయాను.
"ఏందబ్బయ్యా, పెళ్లిచూపులా?" అన్నాడు కాశింపీరా.

ప్యాకింగ్ లిస్టు రాసే దీనమ్మ చెప్పింది:
పదకొండు ఒక విమానాశ్రయానికి,
పన్నెండు ఇంకో విమానాశ్రయానికి.
రెండూ ఉత్తరాన,
అట్లాసులో కాగితం అయిపోయే చోట.
ఆ ఊళ్ల పేర్లు తప్పులేకుండా రాసేసరికి
రెండు కాగితాలు చిరిగిపోయినయ్యంట.
చలికాలం సూర్యుడు డ్యూటీకి రాడంట అక్కడ.
ఊరికీ ఊరికీ రోడ్డే లేదంట.
ఉన్నదల్లా ముప్పై ఏడు సీట్ల విమానం,
గాలి ఒప్పుకుంటే వారానికి మూడుసార్లు.

"ఎంత దూరం?" అన్నాను.
కొడుకు అట్లాసు తెచ్చి
గోతాలు కుట్టే దారం పరిచి కొలిచింది.
బెత్తెడు కూడా రాలేదు.
స్కేలు మీద పెట్టి లెక్క కడితే
ఏడొందల ఎనభై కిలోమీటర్లు,
గంటా పాతిక నిమిషాలు.

గంటా పాతిక నిమిషాలు!
చీమకుర్తిలో బస్సెక్కి,
రాళ్ల లారీల వెనక దుమ్ము మింగుతా,
సంతనూతలపాడు దగ్గర ఒక లారీ అడ్డంపడితే
ఒంగోలు బస్టాండులో దిగేసరికి నాకూ అంతే.

అక్కడెవరో,
బొచ్చు బూట్లతో మంచు మోసుకొచ్చి
పదకొండు మీద నిలబడి టిక్కెట్టు చూపిస్తాడు.
గంటా పాతిక తర్వాత
పన్నెండు మీద కాలు పెడతాడు.
బూట్ల మంచు కరిగి రాయి తడుస్తుంది.
తడిసినప్పుడే దాని అసలు నలుపు.
తను దాటింది ఐదు మిల్లీమీటర్లని
అతనికి ఎవరు చెప్తారు?

ఇంటికీ ఇంటికీ మధ్య తొమ్మిదంగుళాల గోడ,
అవతల మా అన్న.
ఆరేళ్లయింది మాటల్లేక.
దీనమ్మ దారంతో తెగే లెక్క కాదు అది.
అన్నదీ ఈ పనే, పక్క ఫ్యాక్టరీలో.

పలకలు రెండూ పోయినయ్, చెక్కపెట్టెల్లో, పోర్టుకి.
ఆ మధ్య మందం మాత్రం ఎక్కడికీ పోలేదు.
సగం వెనక గుంటలో బురదై ఎండిపోయింది,
ఎండపడితే ఇప్పటికీ మినుకుమంటుంది.
మిగతాది గాలిలో.

రాత్రి రెండింటికి
గోడవతల దగ్గు,
పొడి దగ్గు, ఆగి ఆగి.

కాసేపు విన్నాను.
ఆ తర్వాత
నేనూ దగ్గాను.