గురువారం గోలీలు

మర్రిగూడ కాడ మా ఊరి బోరునీళ్లకు
ఎప్పుడో మార్కులు వేసిండ్రు.
సీసాలల్ల పట్టుకపోయి, రంగు చూసి,
ఎన్నేండ్లకు ఎవరి మోకాలు వంగుతదో
కాయితం మీద రాసిచ్చిండ్రు.
ఈసారి నా చేతికి ట్యాబు ఇచ్చిండ్రు.
ఇది మనుషుల లోపలి నీళ్లను చూస్తదట,
ఇంకా ఊరని నీళ్లను.

నిద్ర పడుతుందా? ఆకలైతుందా?
మీ ఇంట్ల ఇంతకుముందు ఎవరికన్న ఇట్లయిందా?
అప్పెంత? తోడెవరు?
పద్దెనిమిది ప్రశ్నలు, ఆఖరుకు ఒక అంకె:
వచ్చే ఏడాదిల ఈ మనిషి కుంగిపోయే అవకాశం
నూటికి ఇంత.

సైదమ్మ బత్తాయిలు ఏరుకుంట
"రాని చుట్టానికి ఇప్పుడే పీట వేస్తవా బిడ్డా" అన్నది.
ఆమె జవాబులు సగం నేనే నొక్కిన.

జంగయ్య నవ్విండు.
అరచేతిల కొబ్బరికాయ పండబెట్టి
బోరు పాయింటు చూపెట్టే మనిషి.
కాయ లేచి నిలవడ్డ కాడ ఏడు వందల ఫీట్లు తోలితే
తెల్లటి దుబ్బ లేచింది, ఆయన చేన్లనే.
"నా కాయకంటే నీ పలక నయమా, చూద్దాం పట్టు" అని
టకటకా చెప్పిండు అన్నిటికీ.
నూటికి తొమ్మిది. పచ్చ గీత.

అఖిలకు డెబ్బై ఒకటి.
చెప్పు పట్టీకి పిన్నీసు గుచ్చుకుంట,
దేవరకొండ బస్సు దిక్కు చూసుకుంట,
నవ్వుకుంటనే చెప్పింది అన్నీ.
ఆ పిల్లకు ఏమని చెప్పాలె?
ఎర్రటెండల నిలవడ్డ దానితోటి
నీ పేరు మీద పిడుగు రాసి ఉందని ఎట్ల చెప్పాలె?
చెప్పిన మాటే మబ్బయితేనో?

చెప్పలే.
గురువారం గురువారం
ఐరన్ గోలీలని సాకు పెట్టుకొని పోయిన.
గోలీలు ఇచ్చుడు ఒక నిమిషం,
గడప మీద కూసునుడు గంట.
మేస్త్రీ పనికి పోయిన నాయిన ఫోను ఎత్తని నెల,
సప్లిమెంటరీ ఫీజు కట్టిన నెల,
తల దువ్వక మూడు దినాలు పండుకున్న వారం.
ఆ వారం డాక్టరమ్మ ముందట కూసోబెట్టిన.
వాళ్లిద్దరు మాట్లాడుకున్నరు.
నేను బయట బల్ల మీద
బస్సు టికెట్టును ఎన్ని మడతలు పెట్టిన్నో.

ఏడాది తిరిగింది.
అఖిలకు ఏమీ కాలే.
నల్లగొండ మీటింగుల సారు తెర మీద చూపెట్టిండు:
"ఇగో, ఇక్కడ అంచనా తప్పింది."
లేచి ఏమన్న అనాలెనా?
తప్పుడు, తప్పించుడు
రెండూ ఒకటే గడిల పడినయి.

ఇగ జంగయ్య.
శ్రావణం నుంచి గోడ దిక్కు తిరిగి పండుకుంటున్నడు.
కాయ అటుక మీద ఎండిపోయి
కదిలిస్తే లోపల కుడుక గలగలమంటది.
పాయింటు చూడ రమ్మని ఎవరన్న వస్తే
చెయ్యి లేస్తలేదంటడు.
పచ్చ గీతను చూసి
ఏడాది పొడుగునా నేను దాటేసిన గడప.

ఇయ్యాల గురువారం.
ఆయనకు రక్తం తక్కువేం లేదు,
అయినా గోలీల డబ్బ సంచిలేసుకున్న.
మూలమలుపు కాడ అఖిల ఎదురొచ్చి
"అక్కా, మా ఇంటికి రాకుంట ఎటు?" అన్నది.
"నువ్వు సుత రా" అన్న.