మూడో నెల రిపోర్టు

అయ్యగారూ,
మీరిచ్చిన పచ్చ కాయితం నింపుతాన.
నేను చెప్తాంటే మా చిన్నోడు రాస్తాండు.
'ఆధ్యాత్మిక నాయకత్వం' కాడ వత్తు ఎక్కడ పెట్టాల్నో తెలువక
ఇద్దరం కొంచెంసేపు ఆగినం.

పేరు: సుసన్న.
బాప్తిస్మం రిజిస్టర్ల అదే ఉన్నది.
ఏనుమాముల యార్డుల మాత్రం సమ్మక్కనే.
మేడారం జాతరేడు పుట్టిన, మా అవ్వ మొక్కి పెట్టుకున్న పేరు.
అట్ల పిలిస్తేనే ఇప్పటికీ జల్ది పలుకుత.

దర్శించిన ఇండ్లు: పదకొండు.
పన్నెండోది రాయాల్నా వద్దా తెలుస్తలేదు,
రాహేలమ్మ తలుపు తియ్యలే.
అరుగు మీద చాటల బియ్యముంటే
కూసొని రాళ్లేరి పెట్టి వచ్చిన.
లోపల్నుంచి దగ్గు వినవడ్డది.
మనిషి ఉన్నదని సంతోషమైంది.

ప్రసంగాలు: రెండు.
మొదటిది మీరు చెప్పినట్టే మూడు భాగాలు జేసిన,
రెండో భాగం కాడ మరిచిపోయిన.
యార్డు నుంచి సక్కగ మందిరానికొచ్చిన రోజది.
కొంగుతోని మొఖం తుడుసుకుంటే
కండ్లు మండి బొటబొట నీళ్లు కారినయ్.
ఎనుక చాప మీదోళ్లు ఆత్మ దిగిందనుకున్నరు,
ఇద్దరు ముగ్గురు ఏడ్సిన్రు గూడ.
మిర్చి ఘాటని చెప్పాల్నని నోటిదాక వచ్చింది.
చెప్పలే.
దీన్ని ఏ గడిల రాసుకుంటరో మీరే రాసుకోండ్రి.

ఇగ చేతుల సంగతి.
హన్మకొండల ఏడో శనివారం నేర్పిన్రు గదా,
రోగి తల మీద చెయ్యి పెట్టుడు.
బరువు వెయ్యద్దు, గొంతు పెంచద్దు,
అప్పు అడిగినట్టు గాదు, అమ్మనడిగినట్టు అడగాలె అన్నరు.
అప్పుడే లేచి ఒక మాట అడుగుదామనుకున్న.
పద్నాలుగు మంది మొగోళ్లు, సిగ్గయింది.
చాయ తాగి, ఒక బిస్కెటు చిన్నోనికి కొంగుల కట్టుకొని వచ్చిన.

పొద్దుమూకేదాక తొడిమెలు తీసే చేతులయ్యా ఇవి.
తేజ కాయైతే నిద్రల గూడ మండుతయ్.
నూనె రాసిన, సల్లల నానవెట్టిన, బెల్లం రుద్దిన.
సీజను మూడు నెలలు
నా కొడుకును నేను మోచేతితోనే నిమురుత.

నయోమి పిల్లకు ఎనిమిది నెలలు.
జరమొచ్చిన రాత్రి పాస్టరయ్య నర్సంపేట అవుతల,
బండి పంచరు.
ఆటో పిలువుండ్రి, ఎంజీఎంకు పోదామని ముందుగాల చెప్పిన.
మీరు నేర్పిన దాంట్ల అదొక్కటి మరువలే.
ఆటో వచ్చేదాక ప్రార్థన చెయ్యిమన్నరు.

చెయ్యి పిల్ల నెత్తికి బెత్తెడు పైననే ఆపిన.
దాని సెగ నాకు తగులుతాంది.
నా మంట దానికి తగలద్దని బిగవట్టిన.
ఏమడిగిన్నో యాదికి లేదు.
భుజం గుంజింది, చెయ్యి వణికింది,
దించలే.

నయోమి చూసింది.
నా రెండో చెయ్యి గుంజుకొని
తన నెత్తి మీద పెట్టుకున్నది.
"నాకు మండితే మండనియ్ అత్తా" అన్నది.

పిల్ల మంచిగున్నది, గ్లూకోజు ఎక్కించిన్రు.
'స్వస్థతలు' గడిల చిన్నోడు ఒకటి వేసిండు,
కొట్టేయమన్న.
ఆ రాత్రి డ్యూటీ డాక్టరమ్మ పేరు దొరికితే
అక్కడ అది రాద్దుం.

కొత్త ఆత్మలు: లేవు.
రాహేలమ్మ మొన్న ఆదివారం వచ్చింది, ఆమె పాతామెనే.
చెప్పుల కాడ కూసొని
కానుక పళ్లెం రాకముందే పోయింది.

సలహాలు అని ఉన్నది అడుగున.
వచ్చేపారి ఆడోళ్లను ఎక్కువ పిలువుండ్రి.
ఏడో శనివారం రాకముందే
ఎవరి చేతులు ఏ పని జేస్తయో అడిగి పెట్టుకోండ్రి.

సంతకం కాడ ఎర్రగైంది సిరా గాదు.
ఈ కాయితం చదివినంక
చెయ్యి కడుక్కోకుండ
కండ్లు నలుసుకోకుండ్రి.