ఎండ జరిగినంత మేర

డిసెంబరులో మా సుంకి బడికి
గంట కంటే ముందు పొగమంచు వస్తుంది.
కిటికీకి తలుపు లేదు.
తిన్నగా లోపలికొచ్చి
ముందు వరసలో కూర్చుంటుంది.

సుద్దముక్క చెమ్మ పట్టి బల్ల మీద పడదు.
పడిన ఒడియా అక్షరాలు
గుండ్రటివి కదా,
ముడుచుకుని పడుకున్నట్టే ఉంటాయి.
నలభై ఒక్కమంది పిల్లలు. స్వెట్టర్లు పదహారు.
మిగతావాళ్ళు చేతులు చంకల్లో దాచుకుంటే
పెన్సిలు ఎవరు పడతారు?

ఆ మంగళవారం పాఠం కొలతలు.
పుస్తకంలో స్కేలు బొమ్మ ఉంది.
అసలు స్కేలు పెద్దసారు బీరువాలో ఉంది.
బీరువా తాళంచెవి
కోరాపుట్‌లో మీటింగుకి వెళ్ళింది.

"లేవండర్రా" అన్నాను,
ఏ భాషలో అన్నానో గుర్తులేదు.
తెలుగువాళ్ళూ, దేశియావాళ్ళూ,
కువి మాట్లాడే ఇద్దరూ
ఒక్కసారే గుమ్మంలో ఇరుక్కున్నారు.

వంటపాక వెనక చాపంత ఎండ.
దాని అవతల వలిసె చేను విరగబూసి
కళ్ళు చికిలించేంత పసుపు.
కర్ర పాతుదామంటే కర్ర లేదు.
"నేనుంటా" అంది గురుబారి.
వాళ్ళ నాన్న చొక్కా మోకాళ్ళ దాకా.
నిటారుగా నిలబడింది,
ఊపిరి తీస్తే లెక్క తప్పుతుందన్నట్టు.

ఆమె నీడ ఎంత?
అడుగులో అడుగేసి లోవరాజు కొలిచాడు: ఎనిమిది.
బుద్ర కొలిచాడు: పదకొండు,
ఆ పైన బొటనవేలంత.
దొంగలెక్క అని టీకొట్టు హైమావతి లేచింది.
మూడు భాషల్లో దెబ్బలాట.
నేను నోరు మూసుకున్నాను.
పదకొండేళ్ళ ఉద్యోగంలో
అంతకంటే కష్టపడి చేసిన పని లేదు.
చివరికి బుద్ర తన పాదం తీసుకెళ్ళి
లోవరాజు పాదం మీద పెట్టి చూశాడు.
"ఓ" అన్నాడు.
అంతే.
ఆ ఓ-ని ఇంటి దాకా మోసుకెళ్ళాను.

ఎండ జరిగింది, మేమూ జరిగాం.
పదకొండింటికి బోరింగు గట్టు,
మధ్యాహ్నానికి జెండా దిమ్మె.
సాలూరు వైపు నుంచి ఘాటీ ఎక్కే లారీలు
మొదటి గేరులో మూలుగుతూ వస్తుంటే
నంబరు ప్లేటులో చివరి రెండంకెలు కూడాలి.
తప్పు చెప్పినవాళ్ళు
జెండా దిమ్మె చుట్టూ ఒక చుట్టు పరుగెత్తాలి.
కాసేపటికి అందరూ తప్పులే చెబుతున్నారు.
రెండూ మూడూ ఎంతరా అంటే
పదిహేడని అరిచి
నవ్వుకుంటూ పరుగు.
చెవులు ఎర్రబడ్డాయి,
చేతులు చంకల్లోంచి వాటంతటవే బయటికొచ్చాయి.

గురుబారి మాత్రం
ప్రతి కొలతకీ తనే నిలబడింది.
పొద్దున్న ఎనిమిది, మధ్యాహ్నం ఐదుకి తక్కువ,
బడి విడిచే ముందు పదకొండు.
ఇంకొకరికి వంతియ్యమ్మా అంటే
తల దించుకుంది.
మూడోసారికి గాని నాకు తట్టలేదు:
కొలిచేవాళ్ళు నీడలో నడుస్తారు.
నిలబడ్డవాళ్ళకే వీపు నిండా ఎండ.
ఆ చొక్కా కింద ఇంకేమీ లేదు.

మళ్ళీ వంతు అడగలేదు.
మర్నాటి నుంచీ సంచిలో
మా అమ్మాయి పాత శాలువా మోస్తున్నాను.
ఇవ్వడం ఎలాగో ఇంకా తెలీదు.
కొలకర్రకి కప్పే గుడ్డ అని చెప్పాలేమో.

గురువారం మబ్బు పట్టింది.
అలవాటుగా అందరం వంటపాక వెనక్కెళ్ళి
కొలవడానికేమీ లేక నిలబడ్డాం.
గురుబారి తన చోట తను నిలబడే ఉంది,
కింద నీడ లేదు.
బుద్ర నోరు తెరిచి పొగ వదిలాడు.
"మేడం, ఇది ఎన్నడుగులు?"
నేను చెప్పేలోపే
లోవరాజు ఎదురుగా పరుగెత్తాడు,
పొగ ఆగిపోయే చోట
పాదం పెట్టడానికి.